వేలాడేదానికి ఆసరా: నెలలు నిండేకొద్దీ దిండ్లు ఎలా సర్దుకోవాలి

మొదటి కాన్పప్పుడు ఏడో నెల వచ్చేసరికి నా తల కింద మూడు దిండ్లు చేరాయి. అయినా అర్ధరాత్రి దాటాక కుడి తుంటి సలుపుతూ మెలకువ వచ్చేది. అటు ఒత్తిగిలితే కాసేపటికి ఎడమ తుంటి సలిపేది. పొద్దున్నే మెడ పట్టేసేది. దిండంటే తల కింద పెట్టుకునేదనే నాకు తెలుసు కాబట్టి, ఎక్కడ నొప్పి వచ్చినా ఇంకో దిండు తెచ్చి తల కిందే పెట్టుకునేదాన్ని. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు నడుంనొప్పికి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే, ఆవిడ నన్ను పక్కకు తిరిగి పడుకోమన్నారు. దిండ్ల మాటే ఎత్తకుండా ఒక్కటే అడిగారు: "ఇప్పుడు మీ ఒంట్లో ఏమేం వేలాడుతున్నాయో చూసుకోండి."

చూసుకున్నాను. పొట్ట పరుపు వైపు జారుతూ నడుముని లాగుతోంది. పై కాలు మోకాలి దగ్గర కిందికి వాలి, తనతోపాటు తుంటిని ముందుకు తిప్పేస్తోంది. పై చెయ్యి ఛాతీ మీదుగా వేలాడుతూ భుజాన్ని గుంజుతోంది. ఈ బరువులన్నిటినీ ఏదో ఒక కీలు, ఏదో ఒక కండరం రాత్రంతా మోస్తుంది. పైగా ఈ నెలల్లో రిలాక్సిన్ లాంటి హార్మోన్ల వల్ల కటి దగ్గరి కీళ్లను పట్టి ఉంచే నారల్లాంటి కట్లు వదులవుతాయి. మామూలప్పుడు లెక్కలోకి రాని లాగుడు ఇప్పుడు నొప్పిగా తెలుస్తుంది. దిండు పని ఆ వేలాడేదాన్ని అందుకోవడం. మీకు ఎన్ని దిండ్లు కావాలో, ఎంత మందంవి కావాలో మీ ఒళ్లే చెబుతుంది.

అసలు పక్కకే ఎందుకు పడుకోవాలో ముందు చెప్పాలి. పొట్ట పెరిగాక వెల్లకిలా పడుకుంటే బిడ్డ, గర్భసంచి, ఉమ్మనీరు కలిసిన బరువు వెన్నెముక ముందున్న పెద్ద రక్తనాళాల మీద పడుతుంది. కాళ్ల నుంచి, పొత్తికడుపు నుంచి రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర అందులో ఒకటి. అది నొక్కుకుపోతే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. కొందరికి కళ్లు తిరిగి చెమటలు పడతాయి. బిడ్డకు అందే రక్తమూ తగ్గుతుంది. ఐదు అధ్యయనాల వివరాలు కలిపి చూసి 2019లో ప్రచురించిన ఒక పరిశోధనలో, 28 వారాలు దాటాక వెల్లకిలా నిద్రకు ఉపక్రమించేవారిలో బిడ్డ కడుపులోనే చనిపోయే ముప్పు, ఎడమవైపు పడుకునేవారితో పోలిస్తే సుమారు 2.6 రెట్లు ఎక్కువని తేలింది. మొత్తంమీద అలా జరగడం అరుదే. కానీ ఇది మన చేతిలో ఉన్న విషయం. అందుకే బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 28 వారాల తర్వాత వెల్లకిలా నిద్రపోవద్దని, ఒత్తిగిలి ఉండటానికి దిండ్లు వాడుకోవచ్చని రాసింది.

మొదటిసారి నాకు అందరూ ఎడమవైపే పడుకోవాలని గట్టిగా చెప్పారు. రెండు నెలలు ఎడమ తుంటి మీదే బిగుసుకుపోయి పడుకున్నాను. కుడికి తిరిగితే తప్పు చేసినట్టు ఉలిక్కిపడి లేచేదాన్ని. 2019 నాటి ఆ పరిశోధనలోనే ఎడమకీ కుడికీ తేడా కనబడలేదు. ఏ వైపైనా పడుకోండి, మారుతూ ఉండండి. మధ్యలో మెలకువ వచ్చి చూసుకుంటే వెల్లకిలా ఉన్నారా? కంగారుపడకండి, పక్కకు తిరిగి మళ్లీ పడుకోండి. ఎక్కువసేపు ఉండేది నిద్రలోకి జారుకున్న భంగిమలోనే, కాబట్టి చూసుకోవలసింది దాన్నే.

ఇక సర్దుకోవడం. కాళ్లతో మొదలుపెట్టండి, ఎక్కువ మందికి సగం నొప్పి అక్కడే తీరుతుంది. చాలామంది మోకాళ్ల మధ్య ఒక చిన్న దిండు పెట్టుకుని సరిపోయిందనుకుంటారు. నేనూ అదే చేశాను. మోకాలికి ఆసరా దొరుకుతుంది గానీ పాదం దిండు దాటి కిందికి వాలుతుంది. పాదం వాలితే కాలు మెలితిరుగుతుంది, ఆ మెలిక తుంటి దాకా పాకుతుంది. దిండు మోకాలి పైనుంచి చీలమండ దాకా ఉండాలి. అంత పొడవుది లేకపోతే రెండు దిండ్లు ఒకదాని తర్వాత ఒకటి పెట్టండి. మందం ఎంతంటే, పై కాలి తుంటి, మోకాలు, చీలమండ మూడూ ఒకే ఎత్తులో ఉండాలి. ఇది పడుకున్నవాళ్లకు తెలియదు. మా ఆయన మంచం కాళ్ల వైపు నిలబడి "మోకాలు ఇంకా కిందికే ఉంది" అని చెబితే, పాత దిండ్లు రెంటిని ఒకే గలీబులో కుక్కి పెట్టుకున్నాను. మెత్తగా అణిగిపోయే దిండు ఇక్కడ పనికిరాదు, తెల్లారేసరికి రేకులా అయిపోతుంది. మోకాళ్లు రెండూ కొంచెం వంచి ఉంచండి, మరీ ఛాతీ దాకా ముడుచుకోనక్కర్లేదు.

పొట్ట కింద పెట్టేదానికి మాత్రం మందం వద్దు. పొట్టని పైకెత్తడం మన ఉద్దేశం కాదు, పొట్టకీ పరుపుకీ మధ్య ఉన్న సందు నింపడమే. మడతపెట్టిన తువ్వాలు చాలు, లేదా ఒకవైపు సన్నగా, ఒకవైపు లావుగా ఉండే వాలు దిండు సన్నవైపు నుంచి లోపలికి తొయ్యండి. అరచెయ్యి పెట్టి చూడండి. చెయ్యి సులువుగా దూరితే ఇంకో మడత వెయ్యాలి. పొట్ట నొక్కుతున్నట్టుంటే ఒక మడత తీసెయ్యాలి. నాకు ఆరో నెలలో రెండు మడతలు సరిపోయాయి, తొమ్మిదో నెలకి మూడు మడతలు వేశాను. పొట్టతోపాటు ఇది మారుతూనే ఉంటుంది. తుంటి విశాలంగా ఉన్నవాళ్లకు పక్కటెముకలకీ తుంటికీ మధ్య నడుము కూడా గాల్లో ఉంటుంది. అక్కడ ఒక చిన్న తువ్వాలు చుట్టచుట్టి పెడితే నడుముకి ఎంత హాయో.

వీపు వెనక దిండు దేనికంటే, నిద్రలో వెనక్కి వాలినా పూర్తిగా వెల్లకిలా పడిపోకుండా ఆపడానికి. వీపుకి ఆనించి వదిలేస్తే అది జారిపోతుంది. దాని అంచు నడుము కిందికి కాస్త దూర్చండి, అప్పుడు మీ బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. సిజేరియన్ చేసేటప్పుడు కూడా తల్లిని బల్ల మీద నేరుగా వెల్లకిలా ఉంచరు. ఆ సిర మీద బరువు పడకుండా కాస్త ఎడమకు, మామూలుగా 15 డిగ్రీలు, వాల్చి ఉంచుతారు. వీపు వెనక దిండు ఇంట్లో చేసే పని దాదాపు అలాంటిదే.

తల కింద ఒక్కటే దిండు. భుజం దిండు మీదికి ఎక్కకూడదు. చెవికీ పరుపుకీ మధ్య ఉన్న దూరాన్ని అది నింపితే మెడ వెన్నుతో వరసలో ఉంటుంది. నేను రెండు దిండ్లు తీసేసిన మూడో రోజుకే మెడ పట్టడం ఆగింది. పై చేతికి కౌగిలించుకోవడానికి ఒక దిండు ఇవ్వండి, అది భుజాన్నీ మోస్తుంది, రొమ్ముల మధ్యా కొంచెం గాలి ఆడుతుంది. కొందరికి రాత్రిళ్లు వేళ్లు తిమ్మిర్లెక్కుతాయి. ఒంట్లో నీరు చేరి మణికట్టు దగ్గరి నరం నొక్కుకోవడం దానికి ఒక కారణం. చెయ్యి చెంప కింద మడిచి పెట్టుకునే అలవాటుంటే మానండి, మణికట్టు వంచకుండా ఆ దిండు మీదే చాపి ఉంచండి.

గుండెల్లో మంట ఉన్నవాళ్లకు ఈ అమరిక కొంచెం మారుతుంది. ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ వల్ల అన్నవాహిక కింద ఉండే కండరపు మూత వదులవుతుంది, పైకి పెరుగుతున్న గర్భసంచి జీర్ణాశయాన్ని నొక్కుతుంది, దాంతో పులిసిన నీళ్లు గొంతులోకి ఎగదన్నుతాయి. తల కింద దిండ్లు పేర్చితే మెడ వంగుతుంది, నడుము దగ్గర ముడత పడి పొట్ట ఇంకా నొక్కుకుంటుంది. ఎత్తవలసింది ఛాతీని. నడుము పైభాగం నుంచే మొదలయ్యే వాలు దిండు కావాలి, లేకపోతే మంచం తల వైపు కోళ్ల కింద కదలని ఆధారం పెట్టి 10 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తండి. నాకైతే మంచం ఎత్తడమే మేలనిపించింది, ఎందుకంటే ఒత్తిగిలినప్పుడు వాలు దిండు మీద నుంచి జారిపోయేదాన్ని. మంటకి ఎడమవైపే నయం. జీర్ణాశయం అమరిక వల్ల ఆ వైపు పడుకుంటే ఆమ్లం అంత సులువుగా పైకి రాదు. తిన్నాక రెండుమూడు గంటలు ఆగి పడుకోండి.

దిండ్లన్నీ కుదిరాక అసలు కష్టం అటు తిరగడం దగ్గర వస్తుంది. నాకు కటి ముందు భాగంలో పోటు వచ్చేది, ఒక కాలు ముందు తిప్పి రెండోదాన్ని తర్వాత లాగితే కళ్లలో నీళ్లు తిరిగేవి. నేర్చుకున్నది ఇది: మోకాళ్లు వంచి, వాటి మధ్య దిండుని నొక్కిపట్టి, భుజాలు, తుంటి, మోకాళ్లు దుంగ దొర్లినట్టు ఒకేసారి తిప్పాలి. లేచేటప్పుడు కూడా పక్కకు తిరిగి, రెండు కాళ్లూ కలిపి మంచం దించి, చేతులతో తోసుకుంటూ లేవాలి. వెల్లకిలా నుంచి పొట్ట బిగించి లేవొద్దు. జారే బట్ట కట్టుకుంటే తిరగడం ఇంకా తేలిక. అర్ధరాత్రి పిక్క పట్టేస్తే పాదాన్ని మీ వైపు లాగి పిక్క సాగదీయండి. దుప్పటిని కాళ్ల దగ్గర పరుపు కిందికి బిగించి దోపకండి, అది వేళ్లను కిందికి వంచి ఉంచుతుంది.

పెద్ద దిండు కొనాలా అని అందరూ అడుగుతారు. యూ ఆకారం దిండు ముందూ వెనకా రెండువైపులా ఉంటుంది, అటు తిరిగినా దాన్ని కదపక్కర్లేదు. కానీ మంచంలో సగం ఆక్రమిస్తుంది, ఉక్కపోస్తుంది, రాత్రి బాత్రూమ్‌కి లేచిన ప్రతిసారీ అందులోంచి బయటపడాలి. సీ ఆకారంది ఒక వైపే, తిరిగినప్పుడల్లా దాన్నీ తిప్పుకోవాలి. పక్కలు తరచూ మారేవాళ్లకు యూ, స్థిరంగా పడుకునేవాళ్లకు సీ. ఏది కొన్నా గలీబు విప్పి ఉతుక్కునేలా ఉండాలి. కొనేముందు ఒక వారం ఇంట్లో ఉన్న దిండ్లతో పైన చెప్పినట్టు పడుకుని చూడండి. నేను రెండోసారి కాన్పయ్యేదాకా మామూలు దిండ్లు, ఒకటిరెండు తువ్వాళ్లతోనే వెళ్లదీశాను, విడివిడిగా ఉండటం వల్ల ఏ రాత్రి ఎక్కడ నొప్పి ఉంటే అక్కడికి జరుపుకోగలిగాను.

దిండ్లు తీర్చలేనివి కొన్ని ఉన్నాయి. వాటిని నిద్రలేమి కింద కొట్టిపారేయకండి. రాత్రిపూట అరచేతులు, అరికాళ్లు దురద పెట్టడం, ఒంటి మీద దద్దుర్లేమీ లేకపోయినా, కాలేయానికి సంబంధించిన సమస్య కావచ్చు, డాక్టరుకి చెప్పాలి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం, చేతులు హఠాత్తుగా వాయడం రక్తపోటుకి సంబంధించిన గుర్తులు. బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, అప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. ఏ వేళైనా సరే.

కాన్పయ్యాక ఈ దిండ్లకి వేరే పని ఉంది. కోత ఉన్నవాళ్లు దగ్గు, తుమ్ము, నవ్వు వచ్చేటప్పుడు ఒక దిండుని కుట్ల మీద మెత్తగా అదిమిపట్టుకుంటే నొప్పి తగ్గుతుంది. పాలిచ్చేటప్పుడు ఒళ్లో పెట్టుకుని బిడ్డని దాని మీదికి తెచ్చుకుంటే వీపు వంగదు, భుజాలు గుంజవు. కానీ బిడ్డ పడుకునే చోట మాత్రం ఏ దిండూ ఉండకూడదు. మెత్తటి దిండు ముఖానికి ఆనుకుంటే పసిబిడ్డ తల తిప్పుకోలేదు, ఊపిరాడదు. పాలిస్తున్నప్పుడు మీకు కునుకు వస్తోందనిపిస్తే ముందే బిడ్డని గట్టిగా, చదునుగా ఉండే తన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఆ తర్వాతే మీరు దిండు మీద తల ఆనించండి.