నెల సరుకులు: యాప్‌లో ఏవి తెప్పించుకోవాలి, బజారుకు వెళ్లి ఏవి తెచ్చుకోవాలి?

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో ఇంటికి సరుకులు రావడానికి ఇప్పుడు నాలుగైదు దారులున్నాయి. వీధి చివర కిరాణా కొట్టు, వారానికొకసారి వెళ్లే రైతు బజారు లేదా సంత, నెలకొకసారి వెళ్లే డీమార్ట్ వంటి పెద్ద దుకాణం, వీటికి తోడు ఫోనులో బిగ్‌బాస్కెట్, బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్ వంటి యాప్‌లు. వీటిలో ఏది మేలని అడిగితే ప్రతివారూ తమకు అలవాటైన దాని పేరే చెబుతారు. నా ఉద్దేశంలో దుకాణాన్ని బట్టి కాక, సరుకును బట్టి నిర్ణయించుకోవాలి. చేత్తో పట్టి చూస్తే తప్ప మంచీ చెడూ తెలియని వస్తువును బజారులోనే కొనాలి. కంపెనీ పేరు, తూకం, ధర ప్యాకెట్ మీద అచ్చయి, ఎక్కడ కొన్నా అదే నాణ్యతతో వచ్చే వస్తువును మాత్రం చవకగా, సులువుగా దొరికిన చోట తీసుకోవచ్చు. దీన్ని మన ఇంటి చీటీకి ఎలా వర్తింపజేసుకోవాలో ఒక్కొక్క అడుగుగా వివరిస్తున్నాను.

మొదటి అడుగు: నెల చీటీ రాయడం

ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒకటో తారీఖున పచారీ చీటీ రాసేవారు. యాప్‌లు వచ్చాక ఆ అలవాటు చాలా ఇళ్లలో పోయింది. దానితోపాటు ఏ వస్తువు నెలకు ఎంత పడుతుందన్న లెక్క కూడా పోయింది. అందుకని ముందుగా గత నెల బిల్లులు, యాప్‌లోని పాత ఆర్డర్లు దగ్గర పెట్టుకుని, ఇంట్లోకి వచ్చిన ప్రతి సరుకునూ పరిమాణంతో సహా ఒక కాగితం మీద రాయండి. పక్కనే మూడు గుర్తుల్లో ఏదో ఒకటి పెట్టండి: చూసి కొనవలసినది, పేరు చెప్పి కొనదగినది, అప్పటికప్పుడు అవసరపడేది. మినపగుళ్లు, ఉప్మా రవ్వ, సబ్బులు, టీ పొడి, నూనె చాలావరకు రెండో గుర్తులోకి వస్తాయి. పాలు, పెరుగు, కొత్తిమీర, ఉన్నట్టుండి నిండుకున్న పంచదార మూడో దానిలోకి వస్తాయి. అసలు ఆలోచన అవసరమయ్యేది మొదటి గుర్తు విషయంలోనే.

రెండో అడుగు: చూసి కొనవలసిన వాటిని విడదీయడం

కూరగాయలు కొనడం మన ఇళ్లలో పెద్దవాళ్ల దగ్గర పక్కన నిలబడి నేర్చుకున్న విద్య. బెండకాయ కొస విరిస్తే టక్కున విరగాలి, వంగి ఊరుకుంటే ముదిరినట్టే. సొరకాయ మీద గోరు సులువుగా దిగాలి. వంకాయకు తొడిమ పచ్చగా ఉండాలి, పుచ్చు రంధ్రం ఉండకూడదు. కొబ్బరికాయను చెవి దగ్గర ఊపి నీళ్ల చప్పుడు వినాలి. యాప్‌లో కనిపించే బొమ్మ మనకు రాబోయే కాయ బొమ్మ కాదు గనుక, ఈ పరీక్షలేవీ అక్కడ కుదరవు. యాప్ వాళ్లు కూడా మంచి కాయలే ఏరి పంపవచ్చు, కానీ ఏరేవారికి ఆ కాయ గుత్తివంకాయకో, పచ్చడికో తెలియదు. పప్పుచారులోకి పండిన టమాటాలు, వారమంతా నిలవుండడానికి దోర టమాటాలు కావాలని బజారులో చూపించి తీసుకోవచ్చు.

ఆకుకూరల విషయంలో ఈ తేడా ఇంకా ఎక్కువ. తోటకూర, గోంగూర, మెంతికూర కోసిన కొద్ది గంటల్లోనే వాడిపోతాయి. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి వస్తే లోపల చెమ్మ పట్టి మర్నాటికి కుళ్లు వాసన వేస్తాయి. కనుక వీటిని ఉదయం పూట బజారులో కొనడమే మంచిది.

రైతు బజార్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న మొదలయ్యాయి. దళారులు లేకుండా రైతు నేరుగా అమ్ముకోవడానికి ఏర్పాటు చేసిన ఈ బజార్లలో ఆనాటి ధరలు బోర్డు మీద రాసి పెడతారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, విశాఖలో ఎంవీపీ కాలనీ, కర్నూలులో సి.క్యాంపు బజార్లు చాలామందికి తెలిసినవే. అక్కడికి వెళ్లినప్పుడు ధరల బోర్డును ఫోనులో ఫొటో తీసుకోండి. ఆ వారంలో యాప్‌లో ఎప్పుడైనా కూరగాయలు కొనవలసి వస్తే, అక్కడ చూపుతున్న తగ్గింపు నిజంగా తగ్గింపేనా కాదా అన్నది ఆ ఫొటోతో పోల్చి తెలుసుకోవచ్చు. బజారులో ఇంకొక లాభం కూడా ఉంది, దాన్ని నేను చిన్నదిగా చూడను. పది మంది దగ్గర కొంటే నలుగురైనా కొసరు వేస్తారు. గుప్పెడు కరివేపాకు, రెండు పచ్చిమిరపకాయలు అలా వచ్చినవే మా ఇంట్లో మూడు రోజుల పోపుకు సరిపోతాయి.

బియ్యాన్ని కూడా నేను చూసి కొనవలసిన వాటిలోనే చేరుస్తాను. సంచి మీద సోనామసూరి అని ఉంటుంది. లోపల ఉన్నది బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 రకమో, రాజేంద్రనగర్‌లో పుట్టిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకమో, మరొకటో, అన్నిటికన్నా ముఖ్యంగా కొత్తవో పాతవో సంచి మీది పేరు చెప్పదు. మా వీధిలోని బియ్యం కొట్టు యజమాని సంచి మూల కొద్దిగా విప్పి, గుప్పెడు బియ్యం నా అరచేతిలో పోస్తాడు. పాత బియ్యమైతే గింజ కాస్త పసుపు తిరిగి ఉంటుంది, పంటి కింద పెడితే గట్టిగా పుటుక్కుమంటుంది. కొత్త బియ్యం తెల్లగా మెరుస్తుంది గానీ పంటికి మెత్తగా తగిలి, వండితే ముద్దవుతుంది. ఖరీఫ్ పంట మార్కెట్లోకి వచ్చే డిసెంబరు, జనవరి నెలల్లో ఈ పరీక్ష తప్పకుండా చేయాలి. కొత్త కొట్టులో కొనేటప్పుడు ముందుగా ఒక కిలో తెచ్చి వండి చూసుకుని, నచ్చితేనే సంచి దింపించుకోవడం ఉత్తమం.

ఇక ఆవకాయ కాయల సంగతి చెప్పనక్కర్లేదు. టెంక గట్టిపడిన పుల్లటి కాయను ఎంచుకుని, బజారులోనే పెద్ద కత్తిపీట దగ్గర ముక్కలు కొట్టించి, ప్రతి ముక్కకూ టెంక అంటి ఉందో లేదో చూసుకోవాలి. ఎండుమిర్చి, చింతపండు కూడా ఏడాదికి సరిపడా తీసుకునేవారు కొత్త సరుకు దిగే వేసవి మొదట్లో స్వయంగా వెళ్లి రంగు, వాసన చూసి కొనుక్కుంటే ఏడాదంతా ఆ మాట తలచుకోనక్కర్లేదు. చేపలు, మాంసం కూడా ఇదే కోవకు చెందుతాయి.

మూడో అడుగు: ప్యాకెట్ సరుకుల ధరను సరిగా పోల్చడం

పేరు చెప్పి కొనే వస్తువుల్లో యాప్ నిజంగా ఉపయోగపడుతుంది. అయితే ఇక్కడ ధరను కాదు, గ్రాముకు ఎంత పడుతుందన్నది చూడాలి. వంట నూనె మంచి ఉదాహరణ. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. కానీ దాని పక్కనే, చూడ్డానికి అంతే కనిపించే 850 గ్రాములు, 800 గ్రాముల ప్యాకెట్లు కూడా ఉంటాయి. 910 గ్రాముల ప్యాకెట్ 137 రూపాయలు, 850 గ్రాములది 130 రూపాయలు అనుకుందాం. రెండోది ఏడు రూపాయలు చవకగా కనిపిస్తుంది. లెక్కకడితే మొదటిది వంద గ్రాములకు 15.05 రూపాయలు, రెండోది 15.29 రూపాయలు పడుతుంది. నిబంధనల ప్రకారం గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందన్నది ప్యాకెట్ మీద ఇప్పుడు ముద్రించాలి. యాప్‌లో దాన్ని వెతకండి, కనిపించకపోతే ఫోనులోనే భాగించి చూసుకోండి.

బియ్యం సంచుల్లోనూ ఇలాంటి మెలిక ఒకటి ఉంది. 2022 జులై 18 నుంచి ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పుల మీద 25 కిలోల వరకు 5 శాతం జీఎస్టీ వర్తిస్తోంది, అంతకు మించిన సంచికి వర్తించదు. మన కొట్లలో 26 కిలోల సంచులు కనిపించడానికి కారణం ఇదే. రెండు చోట్ల ధరలు పోల్చేటప్పుడు ఒకటి 25 కిలోలదో, మరొకటి 26 కిలోలదో చూడకపోతే లెక్క తప్పుతుంది.

నాలుగో అడుగు: నెల మొత్తానికి లెక్క కట్టడం

ఒక్కొక్క ఆర్డరును విడిగా చూస్తే యాప్ ఖర్చు కనిపించదు. సరుకుల ధరకు పైన డెలివరీ రుసుము, హ్యాండ్లింగ్ రుసుము, బిల్లు తక్కువైతే చిన్న ఆర్డరు రుసుము, వాన పడితే ఇంకొకటి కలుస్తాయి. ఇవన్నీ కలిపి ఒక ఆర్డరుకు 40 రూపాయలు అయ్యాయనుకుంటే, నెలకు పన్నెండు ఆర్డర్లకు 480 రూపాయలు అవుతాయి. ఆ డబ్బుకు కొన్ని కిలోల కందిపప్పు వస్తుంది. కాబట్టి గత నెల ఆర్డర్లన్నింటిలో సరుకు కాని మొత్తాలను కూడి చూడండి.

బజారు లెక్క కూడా అంతే నిజాయితీగా కట్టాలి. రానుపోను ఆటో చార్జీ లేదా పెట్రోలు, పట్టే సమయం, పెద్ద దుకాణంలో చీటీలో లేకపోయినా బుట్టలో పడిన బిస్కెట్లు, ప్లాస్టిక్ డబ్బాలు అన్నీ ఖర్చే. మా ఇంట్లో ఈ లెక్క కట్టి చూశాక, ప్యాకెట్ సరుకులు నెలకు రెండు పెద్ద ఆర్డర్లుగా, కూరగాయలు వారానికొకసారి బజారు నుంచి అని స్థిరపడింది. మీ ఇంటికి బజారు నడక దూరంలో ఉంటే వారానికి రెండుసార్లు కూడా వెళ్లవచ్చు, బజారు దూరమైతే తీరు వేరుగా ఉంటుంది.

ఐదో అడుగు: ఆర్డరు చేసేటప్పుడు జాగ్రత్తలు

చీటీ పక్కన పెట్టుకుని మాత్రమే యాప్ తెరవండి. డబ్బు కట్టే ముందు బిల్లును పైనుంచి కిందికి ఒక్కొక్క వరుసగా చదవండి. మనం ఎంచుకోని విరాళం, టిప్పు, సభ్యత్వం వంటివి బుట్టలో చేరి ఉంటే తీసేయండి. ఇలా అడగకుండా చేర్చడాన్ని, చివరి నిమిషంలో రుసుములు బయటపెట్టడాన్ని, లేని తొందర పుట్టించడాన్ని కేంద్రం 2023లో మార్గదర్శకాలు తెచ్చి నిషేధించింది. ఒక వస్తువు లేకపోతే దానికి బదులు మరొకటి పంపే ఏర్పాటు ఉంటే, వద్దని గుర్తు పెట్టండి. పది నిమిషాల్లో రావలసినంత అవసరం నిజంగా ఉంటే తప్ప, మరుసటి రోజు ఫలానా వేళకు అని ఎంచుకోండి. వానలో బండి మీద వచ్చే కుర్రవాడికి అది మనం చేయగలిగిన మేలు.

ఆరో అడుగు: సరుకు రాగానే చూసుకోవడం

ఈ పనిని వాయిదా వేయకూడదని నేను నష్టపోయి తెలుసుకున్నాను. ఒకసారి వచ్చిన మినపగుళ్ల ప్యాకెట్‌ను చూడకుండా అలమరలో పెట్టేశాను. నాలుగో రోజు ఇడ్లీకి నానబోయబోతే అంచు చిట్లి, లోపల పురుగు పట్టి ఉంది. ఫిర్యాదు చేసే గడువు దాటిందని సమాధానం వచ్చింది. అప్పటి నుంచి సరుకు వచ్చిన వెంటనే చీటీతో సరిచూసి, ప్యాకెట్ల అతుకులు, తయారీ తేదీ, గడువు తేదీ చూసి, విడి సరుకులను వంటింటి కాటా మీద తూచి, తేడా ఉంటే అప్పుడే ఫొటో తీసి యాప్‌లో పంపుతున్నాను. గడువు దగ్గరపడిన సరుకు వస్తే ఊరుకోకండి. చేతికందేనాటికి మొత్తం గడువులో కనీసం 30 శాతం గానీ, గడువు తీరడానికి 45 రోజులు గానీ మిగిలి ఉండేలా చూడాలని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2024లో ఆన్‌లైన్ అమ్మకందార్లకు సూచించింది.

యాప్‌లో పని కాకపోతే, ఆ యాప్ నడిపే కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెల లోపు పరిష్కరించాలి. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.

ఏడో అడుగు: ఇంటి పరిస్థితిని బట్టి మార్చుకోవడం

పైన చెప్పిన విభజన కాళ్లూ చేతులూ ఆడే వారున్న ఇంటికి సరిపోతుంది. బాలింత ఉన్న ఇంట్లో, మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేని పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో కూరగాయలు కూడా యాప్‌లో తెప్పించుకోవడంలో తప్పేమీ లేదు. అప్పుడు బంగాళాదుంప, ఉల్లి, క్యారెట్, క్యాబేజీ వంటి నిలవుండే వాటినే ఎంచుకుని, బెండకాయ, ఆకుకూరలు వీధిలోకి వచ్చే తోపుడుబండి దగ్గర తీసుకోవచ్చు.

పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, గుంటూరులోనో వరంగల్‌లోనో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులకు అక్కడి నుంచే యాప్‌లో ఆర్డరు చేయడం ఇప్పుడు మామూలైంది. అలా చేసేవారు ఇంటి దగ్గరి కిరాణా కొట్టు ఫోను నంబరు కూడా దగ్గర ఉంచుకోవాలని నా మనవి. చాలా కొట్లవాళ్లు వాట్సాప్‌లో చీటీ పంపితే సరుకులు కట్టి, కుర్రవాడి చేత ఇంటికి పంపుతారు. యూపీఐ ద్వారా ఏ ఊరి నుంచైనా డబ్బు కట్టవచ్చు. కాకరకాయ లేదు, దొండకాయ పంపమంటారా అని కొట్టు ఆయన అమ్మకే ఫోను చేసి అడుగుతాడు. రెండు రోజులుగా పాల ప్యాకెట్ తీసుకోకపోతే ఎవరినో ఒకరిని పంపి తలుపు కొట్టించేది కూడా ఆయనే.