కోవిడ్ ఐసీయూలో పీపీఈ విప్పే క్రమం

పీపీఈ (గ్లవుజులు, గాగుల్స్, గౌను, మాస్కు లాంటి రక్షణ సామగ్రి) వేసుకునేటప్పటికన్నా విప్పేటప్పుడే వైరస్ ఒంటికి అంటుకునే ప్రమాదం ఎక్కువ. డ్యూటీ దిగే అలసటలో చెయ్యి తెలియకుండానే ముఖం మీదికి పోతుంది. అందుకే పక్కన ఒకరు నిలబడి ఒక్కో మెట్టూ చదివి చెప్పాలి.

ముందు గ్లవుజులు. మొదటిదాన్ని బయటివైపు పట్టుకుని తిరగేసి లాగండి. రెండోదాని అంచు లోపలికి ఒట్టి వేలు దూర్చి జార్చండి. శానిటైజర్‌తో 20-30 సెకన్లు, ఆరేదాకా రుద్దండి. తర్వాత గాగుల్స్, తల వెనక పట్టీతో. గౌను ముడులు విప్పి, లోపలివైపు పైకొచ్చేలా చుట్టండి. దులిపితే అంతా వృథా.

ఎన్95 మాస్కు మాత్రం గది దాటి, తలుపు మూశాకే: కింది పట్టీ, ఆపై పై పట్టీ. ముందుభాగం ముట్టుకోవద్దు. మళ్లీ చేతులకు శానిటైజర్.

మాస్కు ఆసుపత్రి వ్యర్థాల పసుపు సంచిలోకి. నైట్రైల్ (కృత్రిమ రబ్బరు) గ్లవుజులు, గాగుల్స్ ఎరుపు సంచిలోకి.