స్పెయిన్‌లో ఓదార్పు మాటలు: ‘నో పాసా నాదా’ ఎక్కడ అనకూడదు

స్పెయిన్‌లో దిగిన కొత్తలో అందరి నోటికీ ముందు పట్టేది ‘నో పాసా నాదా’. కాఫీ ఒలికినా, బస్సు తప్పినా, క్లాసుకి ఆలస్యమైనా చుట్టూ అదే వినపడుతుంది. మన ‘ఫర్లేదులే’ లాంటిదే కదా అని మనవాళ్ళు దాన్ని అన్నిచోట్లా వాడేస్తారు. చిక్కంతా అక్కడే. చిన్న పొరపాటు చేసి నొచ్చుకుంటున్న మనిషికి ఆ మాట హాయిగా ఉంటుంది. తండ్రి పోయిన మనిషితో అంటే, అదేమంత పెద్ద విషయం కాదన్నట్టే. చావు దగ్గర, పెద్ద జబ్బు దగ్గర, ఉద్యోగం పోయినచోట దయచేసి ఆ మాట ఎత్తకండి.

‘కాల్మతె’, అంటే శాంతించు అనే మాట కూడా వద్దు. ఏడుస్తున్నవాళ్ళకి అది గద్దించినట్టు తగులుతుంది. దానికన్నా ‘త్రాంకీలో’, అంటే నిదానంగా ఉండు అనడం మెత్తన. ఆడవాళ్ళతో అయితే ‘త్రాంకీలా’. చూడాల్సింది ఎదుట ఉన్నది ఆడా మగా అని, మీరెవరన్నది కాదు. ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడే తప్పుతారు! కంగారు పడొద్దనడానికి స్నేహితులతో ‘నో తె ప్రెఒకూపెస్’, కింది ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడతో ‘నో సె ప్రెఒకూపె’. నువ్వు, మీరు తేడా మనకి కొత్తేం కాదు.

ఆఫీసులో ఎవరైనా కళ్ళు తుడుచుకుంటూ కనిపిస్తే ‘కె ఆ పసాదో?’ అని నెమ్మదిగా అడగండి, ఏమైంది అని. ‘కె తె పాసా?’ అన్నా నీకేమైంది అనే, కానీ కాస్త విసురుగా వచ్చిందంటే తగువుకి దిగినట్టుంటుంది. తర్వాత ‘కియెరెస్ ఉన్ బాసో దె ఆగ్వా?’ అని మంచినీళ్ళు ఇవ్వండి. సలహాలు మొదలుపెట్టకండి. పరీక్ష పోయినవాళ్ళకి, ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళకి ‘ఆనిమో’ చాలు, ధైర్యంగా ఉండు అని.

ఇక చావు కబురు. ఇక్కడ అంత్యక్రియలు మామూలుగా ఒకటి రెండు రోజుల్లోనే అయిపోతాయి, శనివారం చూద్దాంలే అనుకుంటే కుదరదు. కుటుంబం ఇంట్లో కాకుండా తనతోరియోలో, అంటే అంత్యక్రియల దాకా భౌతికకాయాన్ని ఉంచే చోట ఉంటుంది. ముదురు రంగు బట్టలేసుకుని వెళ్ళి, చెయ్యి పట్టుకుని ‘తె అకొంపాన్యో ఎన్ ఎల్ సెంతిమియెంతో’ అనండి, నీ బాధలో నేనూ తోడున్నానని. పెద్దవాళ్ళతో ‘తె’ బదులు ‘లె’. ఎలా పోయారు, వయసెంత అని ఆరా తీయకండి. ‘పెర్దోన్’ అనకండి, అది తప్పు చేసినవాళ్ళు అనే మాట. మన దగ్గర పరామర్శకి వెళ్ళినచోట వెళ్ళొస్తామని చెప్పం. ఇక్కడ మాత్రం చెప్పే కదలాలి: ‘ఎస్తోయ్ అకీ పారా లో కె నెథెసీతెస్’, ఏం కావాలన్నా నేనున్నానని. అన్నాక ఫోన్ వస్తే ఎత్తాలి మరి.

సరే, ఇన్ని గుర్తుండవంటారా? ‘లో సియెంతో ముచో’, అంటే చాలా బాధగా ఉంది అనే మాట ఒక్కటి పట్టుకోండి. ఉచ్చారణ అటూఇటూ అయినా ఆ సమయంలో ఎవరూ పట్టించుకోరు. అది చెప్పి కాసేపు పక్కన కూర్చుంటే సరిపోతుంది.