పండగ సేల్‌లో ఖరీదైన పార్సిల్ రావాలా? “మీరు ఇంట్లో లేరు” అనే అబద్ధానికి ముందే సిద్ధంగా ఉండండి

దసరాకి ముందు మొదలయ్యే ఆన్‌లైన్ సేల్స్ దీపావళి దాకా నడుస్తాయి. ఏడాదంతా ఆగి ఫోనో ల్యాప్‌టాపో కొనేది ఈ రోజుల్లోనే. సరిగ్గా అప్పుడే ఈ బాధ కూడా ఎక్కువవుతుంది. పొద్దున్నుంచీ ఇల్లు కదలకుండా కూర్చుంటాం. బెల్లు మోగదు, ఫోన్ రాదు. చీకటి పడ్డాక మెసేజ్ వస్తుంది: “డెలివరీకి ప్రయత్నించాం, కస్టమర్ అందుబాటులో లేరు.”

మా పక్క ఫ్లాట్ వాళ్ళకి నిరుడు ఇదే జరిగింది. అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరిందని ల్యాప్‌టాప్ ఆర్డర్ పెట్టారు. రాత్రి 8:47కి “తలుపు తాళం వేసి ఉంది” అని స్టేటస్ పడింది. ఆ టైమ్‌కి ఇంట్లో నలుగురూ అన్నాలు తింటున్నారు. కింద వాచ్‌మన్ రిజిస్టర్ చూస్తే, సాయంత్రం ఆరు దాటాక ఒక క్యాబూ, మూడో అంతస్తుకి వచ్చిన బిర్యానీ అబ్బాయీ తప్ప గేటు లోపలికి ఎవరూ రాలేదు. “రేపు తెస్తాడులే” అని ఊరుకున్నారు. మర్నాడూ అదే మాట. మూడో రోజు “రిటర్న్” అని పడింది. డబ్బు తిరిగొచ్చింది గానీ అప్పటికి సేల్ అయిపోయింది. అదే ల్యాప్‌టాప్‌ని మామూలు ధర పెట్టి కొనుక్కున్నారు. మొదటి రాత్రే ఆ స్టేటస్ తప్పని రాతలో పెట్టి ఉంటే చాలావరకు బయటపడేవాళ్ళు. నేను గట్టిగా చెప్పదలచుకున్నది అదే: మొదటి అబద్ధాన్ని ఆ రాత్రి దాటనివ్వకండి. కాకపోతే ఆ రాత్రి చూపించడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి. దాన్ని పార్సిల్ బయల్దేరక ముందే సిద్ధం చేసుకోవాలి.

ఇలా ఎందుకు రాస్తారో తెలిస్తే జాగ్రత్త ఎక్కడ పడాలో అర్థమవుతుంది. డెలివరీ బాయ్‌కి పొద్దున హబ్‌లో (కొరియర్ వాళ్ళ లోకల్ గోడౌన్‌లో) అప్పగించిన ప్రతి పార్సిల్‌కీ రాత్రిలోపు యాప్‌లో ఏదో ఒక స్టేటస్ పడాలి. పండగ రోజుల్లో సంచి నిండిపోతుంది, టైమ్ చాలదు. చాలా చోట్ల జీతం డెలివరీ చేసిన పార్సిల్‌ని బట్టే. “నాకు టైమ్ సరిపోలేదు” అంటే తప్పు అతని మీదికి వస్తుంది, “కస్టమర్ లేరు” అని నొక్కితే మన మీదికి వస్తుంది. అందుకే దూరంగా ఉన్న సందు, లిఫ్ట్ లేని నాలుగో అంతస్తు, గేటు దగ్గర పది నిమిషాలు నిలబెట్టే గేటెడ్ కమ్యూనిటీ ముందుగా ఈ అబద్ధానికి బలవుతాయి. ఆ కుర్రాడి ఇబ్బంది నిజమే, అతని మీద అరిస్తే పని జరగదు. కానీ పార్సిల్‌ని అలా రెండు మూడుసార్లు తిప్పితే అది తనంతట తాను అమ్మినవాళ్ళకి తిరుగుముఖం పడుతుంది. ఆ నష్టం మనం ఎందుకు భరించాలి?

ముందు అడ్రస్ సంగతి. హైదరాబాద్‌లో 8-3 అనో 1-9 అనో మొదలయ్యే ఇంటి నంబర్‌ని పట్టుకుని కొత్తవాడు ఇల్లు కనిపెట్టలేడు. వరస ఇళ్ళకి వరస నంబర్లు ఉండవు. బిల్డింగ్ పేరు, అంతస్తు, ఎవర్నడిగినా చెప్పగలిగే గుర్తు ఒకటి రాయండి. “హనుమాన్ గుడి ఎదురు సందు, ఎడమవైపు మూడో బిల్డింగ్, కింద మెడికల్ షాప్ ఉంటుంది” అని రాస్తే “అడ్రస్ దొరకలేదు” అనడానికి వీలుండదు. మ్యాప్‌లో పిన్ సరిగ్గా మీ గేటు మీదే పెట్టండి. ఆఫీసులో కూర్చుని ఆర్డర్ పెడితే పిన్ ఆఫీసు దగ్గరే పడిపోతుంది, చూసుకోరు. పిన్‌కోడ్‌లో ఒక్క అంకె తప్పితే పార్సిల్ వేరే హబ్‌కి పోయి “అడ్రస్ అసంపూర్తి” అని వెనక్కి తిరుగుతుంది. ఊళ్ళో ఉండేవాళ్ళు మండలం పేరు తప్పకుండా రాయాలి. కొత్తపల్లి, రామాపురం అనే ఊళ్ళు ఎన్ని లేవు!

ఊళ్ళలో ఇంకో తంతు ఉంది. “మీ ఊరు రూట్‌లో లేదు, మండలానికి వచ్చి బస్టాండ్ దగ్గర తీసుకోండి” అంటారు. కాదంటే “కస్టమర్ తీసుకోనన్నారు” అని పడుతుంది. వెళ్ళడానికి మీకు వీలైతే అది వేరే విషయం. వీలు కాకపోతే ఫోన్లో వాదించకండి. “ఇంటికి డెలివరీ అని చూపించాకే డబ్బు కట్టాను, ఇంటికే కావాలి” అని కంపెనీ యాప్‌లో చాట్‌లో రాసి పెట్టండి. ఖరీదైన వస్తువైతే టౌన్‌లో షాపు ఉన్న చుట్టాల అడ్రస్‌కి తెప్పించుకోవడం ఇంకా మేలు. పొద్దున్నుంచి రాత్రి దాకా తెరిచి ఉండే కొట్టుకి “తలుపు తాళం” అని రాయడం కష్టం.

ఇక ఫోన్. నింద వేసే ముందు మన ఫోన్‌ని మనమే ఒకసారి చూసుకోవాలి. డెలివరీ వాళ్ళ కాల్ చాలాసార్లు వాళ్ళ సొంత నంబర్ నుంచి రాదు, కంపెనీ పెట్టిన మారు నంబర్ నుంచి వస్తుంది. స్పామ్ కాల్స్ ఆపే యాప్ దాన్ని మింగేసి ఉండవచ్చు. తెలియని నంబర్లని సైలెంట్ చేసే సెట్టింగ్ ఉంటే పార్సిల్ వచ్చే రోజున తీసేయండి. సెల్లార్‌లో, లోపలి గదిలో సిగ్నల్ అందకపోతే అడ్రస్‌లో రెండో నంబర్ కూడా ఇవ్వండి. పెద్దవాళ్ళు మాత్రమే ఇంట్లో ఉంటే వాళ్ళ నంబర్ ఇచ్చి, ఏం వస్తుందో, ఎవరు తెస్తారో ముందే చెప్పి ఉంచాలి.

గేటు దగ్గర రికార్డు మనకి పెద్ద అండ. విజిటర్ యాప్ ఉన్న కమ్యూనిటీల్లో ఎవరు ఎన్నింటికి వచ్చారో అందులోనే ఉంటుంది. మామూలు అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ చేత డెలివరీ వాళ్ళ టైమ్ నోట్‌బుక్‌లో రాయించండి. పండగ నెల మొత్తానికి అసోసియేషన్ ఈ ఒక్క పని పెట్టుకుంటే అందరికీ పనికొస్తుంది. సీసీ కెమెరా ఉంటే పాత రికార్డింగ్ ఎన్నాళ్ళు ఉంటుందో కనుక్కోండి. కొన్ని రోజులకే దాని మీద కొత్తది ఎక్కేస్తుంది. అందుకే ఏ ముక్క కావాలో అదే రోజు ఫోన్లోకి తీసిపెట్టుకోవాలి.

ఖరీదైన వస్తువులకి ఓటీపీ డెలివరీ గానీ, పెట్టె తెరిచి చూపించే ఓపెన్ బాక్స్ డెలివరీ గానీ ఉంటే అదే ఎంచుకోండి. ఓటీపీ మాత్రం వస్తువు చేతికి వచ్చాకే చెప్పాలి. ఫోన్ చేసి “ఈరోజు రాలేను, రేపటికి మార్చాలి, ఓటీపీ చెప్పండి” అని అడిగితే ఆ మెసేజ్‌ని మొత్తం చదవండి. ఆ నంబర్ డెలివరీ పూర్తయిందనడానికో, ఆర్డర్ క్యాన్సిల్ చేయడానికో అయి ఉండవచ్చు. “లేరు” అని రాస్తే పార్సిల్ రేపైనా వస్తుంది. “ఇచ్చేశాం” అని పడిందంటే, అది కూడా మీరు చెప్పిన ఓటీపీతో పడిందంటే, రాలేదని నిరూపించుకునే భారం మీ మీద పడుతుంది.

దొంగలూ ఈ గందరగోళాన్నే వాడుకుంటారు. “మీ ప్యాకేజీ గోడౌన్‌కి చేరింది, అడ్రస్ సరిగా లేదు, 48 గంటల్లో అప్‌డేట్ చేయండి” అంటూ ఇండియా పోస్ట్ పేరుతో లింక్ వస్తుంది. అది నకిలీదని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్ విభాగం చాలాసార్లు చెప్పింది. ఇంకొకడు కొరియర్ బాయ్‌నంటూ ఫోన్ చేసి, *21* తోనో *401* తోనో మొదలయ్యే నంబర్ డయల్ చేయమంటాడు. అది నొక్కితే మీ కాల్స్ వాడి ఫోన్‌కి మళ్ళుతాయి, బ్యాంక్ వాళ్ళు కాల్ చేసి చెప్పే ఓటీపీలతో సహా. పొరపాటున నొక్కితే వెంటనే ##002# డయల్ చేసి ఫార్వర్డింగ్ తీసేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పార్సిల్ ఎక్కడుందో చూడాలంటే ఆర్డర్ పెట్టిన యాప్‌లోనే చూడండి, మెసేజ్‌లో వచ్చిన లింక్‌లో కాదు.

డబ్బుతో తిరిగి కొనలేని పార్సిళ్ళ గురించి కూడా చెప్పాలి. పాస్‌పోర్ట్ స్పీడ్ పోస్ట్‌లో వస్తుంది, గుర్తింపు కార్డు చూసి దరఖాస్తు చేసినవాళ్ళ చేతికే ఇస్తారు. ఇవ్వలేకపోతే అది పాస్‌పోర్ట్ ఆఫీసుకే తిరిగి పోతుంది, ఆ తర్వాత దాని కోసం తిరగడం మన పని. కాబట్టి పోస్ట్ చేశామని మెసేజ్ రాగానే ట్రాకింగ్ నంబర్ రాసి పెట్టుకోండి. మీ వీధికి ఉత్తరాలు ఏ పోస్టాఫీసు నుంచి వస్తాయో కనుక్కోండి. ఇంటి పక్కనే ఉన్నది డెలివరీ ఆఫీసు కాకపోవచ్చు. పోస్ట్‌మ్యాన్‌ని కలిసి మీ ఫోన్ నంబర్ ఇవ్వండి. “డోర్ లాక్డ్” అని పడితే మర్నాడు పొద్దున్నే ఒరిజినల్ ఆధార్ తీసుకుని, పోస్ట్‌మ్యాన్ ఉత్తరాలు పంచడానికి బయల్దేరక ముందే పోస్టాఫీసుకి వెళ్ళండి. తపాలా శాఖ టోల్‌ఫ్రీ నంబర్ 1800 266 6868.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకీ ఈ బాధ తప్పలేదు. కొత్త ఫోన్‌కి సంతకం కావాలంటారు, ఇంట్లో ఉండగానే తలుపుకి చీటీ కూడా అంటించకుండా పోతారు. యూపీఎస్ మై చాయిస్, ఫెడెక్స్ డెలివరీ మేనేజర్, యూఎస్‌పీఎస్ ఇన్‌ఫార్మ్డ్ డెలివరీ అని అక్కడి కొరియర్, పోస్టల్ సంస్థలు పార్సిల్ సంగతి ముందే తెలిపే సేవలున్నాయి. ఉచితమే, ముందే చేరిపోండి. ఖరీదైనదైతే ఇంటికి కాకుండా దగ్గర్లోని పికప్ పాయింట్‌కి మళ్ళించుకుని గుర్తింపు కార్డు చూపించి తెచ్చుకోవడం ఉత్తమం.

ఇన్ని చేసినా అబద్ధపు స్టేటస్ పడిందనుకోండి. అక్కడికక్కడే మూడు స్క్రీన్‌షాట్లు తీయండి: టైమ్ కనబడేలా స్టేటస్, ఆ రోజు కాల్ లిస్ట్ మొత్తం, గేటు రికార్డు. తర్వాత కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసే బదులు చాట్‌లోనో మెయిల్‌లోనో రాయండి. ఫోన్‌లో ఎంత మాట్లాడినా రేపు మీ చేతిలో ఏమీ మిగలదు. ఇలా రాస్తే చాలు:

“ఈరోజు రాత్రి 8:47కి నేను ఇంట్లో లేనని స్టేటస్ పెట్టారు. అది తప్పు. ఆ టైమ్‌కి ఇంట్లోనే ఉన్నాను, ఎవరూ రాలేదు, ఏ కాల్ రాలేదు. కాల్ లిస్ట్, గేటు రిజిస్టర్ ఫొటో జత చేశాను. దీన్ని తప్పుడు డెలివరీ ప్రయత్నంగా నమోదు చేయండి. పార్సిల్‌ని రిటర్న్ చేయడానికి నేను ఒప్పుకోవడం లేదు. రేపటి డెలివరీ టైమ్, ఫిర్యాదు నంబర్ ఇవ్వండి.”

ఇందులో “రిటర్న్‌కి ఒప్పుకోవడం లేదు” అన్న వాక్యం వదలకండి. తర్వాత “కస్టమరే వద్దన్నారు” అనే మాటకి అది జవాబు. ఇదే మెసేజ్ అమ్మినవాళ్ళకీ పంపండి. కొరియర్‌కి డబ్బిచ్చింది వాళ్ళు, మనం కాదు. వాళ్ళు అడిగితే కదిలే ఫైలు మనం అడిగితే కదలదు. వీలుంటే మర్నాడు పొద్దున్నే ట్రాకింగ్ నంబర్, గుర్తింపు కార్డు పట్టుకుని హబ్‌కి వెళ్ళిపోండి. బళ్ళు బయల్దేరేలోపు వెళితే చాలాసార్లు అక్కడే చేతికి ఇచ్చేస్తారు.

రిటర్న్ అయిపోతే రిఫండ్‌తో సరిపెట్టుకోకండి. తప్పు వాళ్ళది కాబట్టి సేల్ ధరకే మళ్ళీ పంపమని రాతలో అడగండి. అడిగినవాళ్ళందరికీ ఇస్తారని చెప్పలేను గానీ, ఆధారాలు చూపించి అడిగినవాళ్ళ మాటకి బరువుంటుంది. కింది స్థాయిలో పని కాకపోతే కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. ఆ ఆఫీసర్ పేరు, వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టాలని, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెల రోజుల్లో పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. దానితో పాటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులోనే చెప్పుకోవచ్చు. వాట్సాప్ అయితే 8800001915.

అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా గుర్గావ్‌లో ఉన్నా మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. వస్తువుకి కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు పెట్టొచ్చు. గడువు రెండేళ్ళు. అక్కడ అడిగేవి బిల్లు, స్టేటస్ స్క్రీన్‌షాట్లు, మీరు రాసిన మెసేజ్, వాళ్ళ జవాబు. అందుకే చాట్ ముగిసేలోపే దాన్ని మొత్తం మీ మెయిల్‌కి పంపించుకోండి. కొన్ని యాప్‌లలో ఆర్డర్ మూసేశాక పాత చాట్ కనిపించదు.