ఇంట్లో స్విమ్మింగ్ పూల్ కట్టిస్తున్నారా? కాంక్రీట్ పడకముందే ఇవి తేల్చుకోండి

మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్ అంటే ఇప్పుడు పూల్ ఉండాల్సిందే అన్నట్టు అయిపోయింది, మేమూ కట్టించాం. కాంట్రాక్టర్ వచ్చి మూడు గంటలు కూర్చుని టైల్స్ చూపించాడు, రంగులు మారే లైట్లు చూపించాడు, కంచె సంగతేంటి అని అడిగితే "అది లాస్ట్‌లో చూస్కుందాం సార్" అన్నాడు. లాస్ట్‌కి వచ్చేసరికి ఎవరి దగ్గరా డబ్బులు మిగలవు. అందుకే సేఫ్టీ ఖర్చులు ముందే కొటేషన్‌లో రాయించుకోండి.

జేసీబీ గుంత తీసిన రోజు నుంచే డేంజర్ మొదలు. మాది జూన్‌లో తీశారు, ఒక్క రాత్రి వానకి నడుం లోతు నీళ్లు నిండాయి, పొద్దున్నే వెళ్లి చూస్తే వాచ్‌మన్ చిన్నోడి చెప్పు ఒకటి అందులో తేలుతోంది. గుండె జారిపోయింది. వాడు వెనక జామచెట్టు కింద రెండో చెప్పుతో ఆడుకుంటున్నాడు లెండి. ఆ రోజే రేకులు తెప్పించి గుంత చుట్టూ కట్టించా. తవ్విన మట్టిని కూడా గట్టు మీదే కుప్ప పోయనివ్వకండి, మీటరున్నర దూరమైనా ఉండాలి, లేదంటే బరువుకి అంచు విరిగి లోపల పని చేసేవాళ్ల మీద పడుద్ది. నల్లరేగడి నేలైతే తడిస్తే ఉబ్బుద్ది ఎండితే పగుల్తుంది, కాబట్టి మేస్త్రి అంచనాని నమ్ముకోకుండా స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో డ్రాయింగ్ వేయించండి.

ఇక అసలు విషయం అడుగున ఉండే మెయిన్ డ్రెయిన్, అంటే పంపు నీళ్లు లాక్కునే రంధ్రం. ఒక్కటే పెట్టి పైన చదును జాలీ బిగిస్తే, పంపు ఆన్‌లో ఉన్నప్పుడు ఎవరైనా దాని మీద కూర్చున్నా, జుట్టు ఇరుక్కున్నా ఆ లాగుడుకి పెద్దవాళ్లు పట్టి లాగినా రారు. అమెరికాలో 2002లో గ్రేమ్ బేకర్ అనే 7 ఏళ్ల పాప హాట్ టబ్ డ్రెయిన్‌కి అతుక్కుపోయి చనిపోయింది, 2007లో ఆ పాప పేరు మీదే అక్కడ డ్రెయిన్ మూతల చట్టం వచ్చింది. కాబట్టి రెండు డ్రెయిన్లు పెట్టించండి, మధ్యలో కనీసం 3 అడుగుల దూరం, రెండూ ఒకే పైపుకి కలవాలి, ఒకదాన్ని మాత్రమే మూసేసే వాల్వ్ ఉండకూడదు, పైన ఉబ్బెత్తుగా ఉండే మూతలు వేయాలి. స్లాబ్ పడ్డాక రెండోది పెట్టాలంటే పగలగొట్టడమే.

కరెంటు కూడా అంతే, కాంక్రీట్ లోపలి ఇనుము, నిచ్చెన, రెయిలింగ్, పంపు అన్నీ ఒకదానికొకటి వైరుతో కలిపి ఎర్తింగ్‌కి ఇవ్వాలి, అది కడ్డీలు కట్టినప్పుడే జరగాలి. నీళ్లలో లైట్లు 12 వోల్టులవే వాడండి, ట్రాన్స్‌ఫార్మర్ దూరంగా పెట్టండి, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) తప్పనిసరి, దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి.

లోతు మూడున్నర నుంచి నాలుగున్నర అడుగులు ఇంటికి చాలు, అంత లోతులో డైవింగ్ వద్దు, తల అడుగున కొట్టుకుంటే మెడ పోద్ది. ఇంకోటి, వానాకాలంలో పూల్ మొత్తం ఖాళీ చేయకండి, కింద ఊటనీరు పైకి తోసి తొట్టి మొత్తం లేస్తుంది, అందుకే అడుగున ప్రెషర్ వదిలే వాల్వ్ పెట్టించాలి.

బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ ఒకే రూములో పక్కపక్కన పెట్టొద్దు, కలిస్తే వచ్చే క్లోరిన్ గ్యాస్ ఊపిరితిత్తుల్ని పాడు చేస్తది.

కంచె నాలుగు వైపులా కనీసం 4 అడుగులు, కమ్మీల మధ్య సందు 4 అంగుళాల లోపే. అడ్డ కమ్మీలు ఉంటే పిల్లలకి అదే నిచ్చెన, నిలువు కమ్మీలే వేయించండి. గేటు బయటికి తెరుచుకోవాలి, వదిలేస్తే దానంతట అదే మూసుకుని గడియ పడాలి, గడియ పిల్లల చేతికి అందని చోట ఉండాలి.

మాది పూర్తయ్యాక మా అక్క కొడుకు, నాలుగేళ్లోడు, వాడితోనే టెస్ట్ చేశా. పూల్‌లో ఇంకా నీళ్లు పోయలేదు, అవతలి పక్క చాక్లెట్ పెట్టి నేను పక్కనే నిలబడ్డా. గేటు తోశాడు, రాలేదు. కమ్మీలు పట్టుకుని ఊపాడు, రాలేదు. రెండు నిమిషాలు ఆలోచించి వరండాలోంచి ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చాడు. ఇప్పుడు మా ఇంట్లో కుర్చీలన్నీ స్టోర్‌రూములో, తాళం వేసి ఉంటాయి.