సోలార్ వేయించే ముందు ఇంటి కరెంటు వాడకాన్ని తగ్గించుకునే విధానం

హనుమకొండ, వరంగల్, కరీంనగర్ కాలనీలలో డాబా మీద సోలార్ పెట్టించాలనుకునే వారు ముందుగా అడిగే ప్రశ్న ఎన్ని కిలోవాట్లు కావాలన్నది. దానికి సరైన జవాబు దొరకాలంటే ముందు ఇంట్లో వృథాగా పోతున్న కరెంటు ఎంతో తేల్చుకోవాలి. ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం రాయితీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 1 కిలోవాట్‌కు 30,000 రూపాయలు, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు 78,000 రాయితీ వస్తుంది. ఆపైన ఎంత పెట్టించినా రాయితీ పెరగదు గనుక, వృథా వాడకం కోసం వేసే నాలుగో కిలోవాట్ ఖర్చు మొత్తం మన జేబులోంచే పోతుంది.

పాత బిల్లులు పన్నెండు నెలలవి తీసి, యూనిట్లను ఒక కాగితం మీద వరుసగా రాయండి. డిసెంబరుకూ మే నెలకూ మధ్య కనిపించే తేడాలో ఎక్కువ భాగం ఎండ వల్ల పడే ఖర్చే. ఆ తర్వాత ఇంట్లోని స్విచ్‌లన్నీ ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసి, మీటరు ముందు నిలబడి చూడండి. దాని మీద ఒక చిన్న ఎర్ర లైటు వెలిగి ఆరుతుంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు వెలుగుతుందో అక్కడే రాసి ఉంటుంది. ఆ సంఖ్య 3200 అయితే, 75 వాట్ల ఫ్యాను ఒక్కటే తిరుగుతున్నప్పుడు లైటు పదిహేను సెకన్లకు ఒకసారి వెలగాలి. అన్నీ ఆపిన తర్వాత కూడా అది వెలుగుతూనే ఉంటే, సెట్‌టాప్ బాక్సు, ఇన్వర్టరు బ్యాటరీ లేదా ఎక్కడో చెమ్మ పట్టిన వైరింగ్ కరెంటును లాగుతోందని గ్రహించాలి. వైరింగ్ మీద అనుమానం వస్తే స్వయంగా విప్పకుండా ఎలక్ట్రీషియన్‌నే పిలిపించండి.

మార్పు మొదలు పెట్టాల్సింది ఫ్యాన్ల దగ్గర. ఏసీ గురించి అందరూ ఆలోచిస్తారు గానీ, మన ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఆగకుండా తిరిగేవి ఫ్యాన్లే. 75 వాట్ల ఫ్యాన్లు నాలుగు రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు 135 యూనిట్లవుతాయి. వాటి స్థానంలో తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే అది 54కు దిగుతుంది. 1 కిలోవాట్ ప్యానెళ్లు నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తాయి కాబట్టి, ఫ్యాన్లు మార్చినందుకే వాటి ఉత్పత్తిలో మూడింట రెండు వంతులు మిగిలినట్టు. నా దృష్టిలో ఇంతకంటే లాభసాటి పని మరొకటి లేదు.

నీళ్ల మోటారు ఒక హార్స్‌పవర్‌ది అయితే గంటకు దాదాపు ఒక యూనిట్ తాగుతుంది. ట్యాంకు నిండి పొర్లిపోయే ఇళ్లలో, ట్యాంకు నిండగానే మోటారును ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టించడం మంచిది. 2,000 వాట్ల గీజరును స్నానానికి కాస్త ముందు వేసి, వెంటనే ఆపాలి. పాత ట్యూబ్‌లైట్లను ఎల్‌ఈడీలకు మార్చాలి. ఏసీని 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంచి, దానితో పాటు ఫ్యాను కూడా తిప్పాలి.

పై అంతస్తులో ఉండే వారికి అసలు శత్రువు స్లాబే. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదింటికి కూడా గదిలోకి వేడిని వదులుతూనే ఉంటుంది కాబట్టి, కూలరు, ఏసీ ఎంతసేపు పనిచేసినా గది చల్లబడదు. డాబాకు సున్నం గానీ తెల్లటి కూల్‌రూఫ్ రంగు గానీ వేయిస్తే ఆ వేడి బాగా తగ్గుతుంది. స్లాబు పగుళ్లకు మరమ్మతు, ఈ రంగు పని ప్యానెళ్ల స్టాండ్లు బిగించకముందే పూర్తి కావాలి, ఎందుకంటే తర్వాత వాటి కింద బ్రష్ ఆడించడం చాలా కష్టం.

ఈ మార్పుల తర్వాత కనీసం ఒక వేసవి నెల బిల్లు వచ్చేదాకా ఆగి, కొత్త సగటును 120తో భాగించండి. నెలకు 360 యూనిట్లయితే 3 కిలోవాట్లు, 240 అయితే 2 కిలోవాట్లు సరిపోతాయి. తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకమైన గృహజ్యోతికి అర్హత ఉన్న రేషన్ కార్డు కుటుంబం వాడకం 200 యూనిట్ల లోపుకు దిగితే, బిల్లే సున్నా అవుతుంది. అలాంటి ఇల్లు సోలార్ కోసం అప్పు చేయవలసిన అవసరం ఉండదు.