పాత మిద్దెకు ఉయ్యాల కట్టే ముందు

చెన్నైలో మైలాపూరు, జార్జిటౌన్ వైపు పాత ఇళ్లలో మద్రాసు టెర్రస్ ఇంకా కనిపిస్తుంది. వరుసగా వేసిన టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో సున్నంతో పేర్చి, ఆపైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు పోసి, పలకలు పరిచిన మిద్దె అది. అటువంటి హాల్లో ఉయ్యాల బల్ల కట్టాలనుకునే మనవాళ్లు దూలం ఎన్ని కిలోలు ఆగుతుందని అడుగుతారు. అంతకన్నా ముందు, ఇప్పటికే అది ఎంత మోస్తున్నదో తెలియాలి. వాన కారకుండా మిద్దె మీద ఒక అంగుళం సిమెంటు పూత వేయిస్తే చదరపు మీటరుకు సుమారు 50 కిలోలు చేరినట్టే.

దూలం అడుగున రెండు కొసల్లో ఒకే మందం గల చెక్కముక్కలు పెట్టి, వాటి మీదుగా దారం బిగించి, నడుమ ఎడం ఎంత తగ్గిందో కొలవండి. 3 మీటర్ల దూలం 12 మిల్లీమీటర్లకు మించి, అంటే పొడవులో 240వ వంతుకు మించి కుంగి ఉంటే, ఉయ్యాల ఆలోచన మానుకోవడమే మేలు. తరువాత గోడలో దిగిన కొసలను పరీక్షించాలి. గోడ చెమ్మ వల్ల పుచ్చు, చెద అక్కడే మొదలవుతాయి. మా ఇంట్లో నడుమ తడితే ఖణేల్మన్న దూలంలో, గోడ పక్కన మాత్రం స్క్రూడ్రైవరు అర అంగుళం దిగింది; పైన రంగు నిగనిగలాడుతూనే ఉంది.

బల్ల, గొలుసులు 40 కిలోలు, కూర్చునే ఇద్దరు 140 కిలోలు అనుకుంటే మొత్తం 180. ఉయ్యాల నిలువు నుంచి 60 డిగ్రీల దాకా లేచి కిందికి వచ్చేటప్పుడు గొలుసుల మీద లాగుడు దాదాపు రెట్టింపై 360 కిలోలకు చేరుతుంది. పండక్కి పిల్లలు నలుగురు ఎక్కక మానరు కనుక నేనైతే 500కు తక్కువ లెక్క వేయను. ఆ భారాన్ని రెండు దూలాలకు పంచి, నడుమ కాక గోడ నుంచి పావు దూరంలో వేలాడదీస్తే, దూలాన్ని వంచే ప్రభావం నడుమ కట్టినప్పటి దానిలో ముప్పావు వంతే అవుతుంది.

దూలం వెడల్పు రెట్టింపైతే బలం రెట్టింపవుతుంది, లోతు, అంటే పైనుంచి కిందికి ఉన్న కొలత, రెట్టింపైతే నాలుగింతలవుతుంది. అందుకే కొక్కెం కోసం అడుగున గాడి కొట్టనివ్వకూడదు. "ఏమీ కాదు సార్" అని మేస్త్రీ ఎంత ధీమాగా చెప్పినా, ఇరుపక్కలా ఇనుప పట్టీలు పెట్టి, దూలం లోతుకు సరిగ్గా నడుమ కన్నా కాస్త పైన అడ్డంగా బోల్టు వేయించండి. బిగించే ముందు కొలతలన్నీ స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి. కట్టిన నెల తరువాత అదే దారంతో మళ్లీ కొలిచి, కుంగు పెరిగి ఉంటే బల్ల దించేయండి.